పానకాలు గారి రెండో గొంతు

మొన్న ప్రత్తిపాడు నుంచి గుంటూరు వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని కునుకు తీస్తున్నాను. మిరపకాయలు మార్కెట్టుకు దిగే రోజులు. ముందు బస్తాల లారీ ఒకటి పోతుంటే ఆ ఘాటుకు బస్సులో సగం మంది కొంగులు, తువ్వాళ్ళు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. అంతలో నా వెనక సీట్లో ఎవరో గట్టిగా త్రేన్చారు. నేను ఉలిక్కిపడి వెనక్కి తిరిగాను. సోడా సీసా పట్టుకున్న పెద్దమనిషి ఒకాయన నా చూపుకు సిగ్గుపడి, "గ్యాసమ్మా" అన్నాడు. నవ్వి మళ్ళీ ముందుకు తిరిగాను గాని, గుంటూరు వచ్చేదాకా మళ్ళీ కునుకు పట్టలేదు. ఇన్నేళ్ళయినా ఎక్కడ త్రేన్పు వినపడినా, దాని వెనకే ఒక మాట వస్తుందేమోనని నా చెవి ఆగి చూస్తుంది.

నాకీ అలవాటు చేసినాయన పేరు పానకాలు. మంగళగిరిలో చీరలు నేసేవారు. గొంతులో కేన్సరు వచ్చి, మాట పుట్టే స్వరపేటికను డాక్టర్లు మొత్తం తీసేశాక, అన్నం దిగే గొట్టంతో మాట్లాడటం నేర్చుకున్న మనిషి. నేను ఆయన్ను బాబాయ్ గారూ అనేదాన్ని. ఆయన నన్ను తల్లీ అనేవారు. నా పేరు హైమ. 'హ' అనే అక్షరానికి నోటి నిండా ఊపిరి కావాలి. ఆయన ఊపిరి నోటిదాకా వచ్చేది కాదు, మెడ కింద డాక్టర్లు పెట్టిన రంధ్రంలోంచే వచ్చి పోయేది. అందుకని నా పేరుతో కొన్నాళ్ళు కుస్తీ పట్టి, ఇక లాభం లేదని తల్లీ అనడం మొదలుపెట్టారు. చివరిదాకా అదే పిలుపు. ఇప్పుడు నన్ను అలా పిలిచేవాళ్ళు లేరు.

డిగ్రీ అయిన ఏడాది నేను గుంటూరులో ఒక ఆసుపత్రిలో, స్పీచ్ థెరపీ గదిలో సహాయకురాలిగా చేరాను. థెరపిస్టు మేడం ఒక్కరే, పేషెంట్లు చాలామంది. మేడం ఒకసారి చూపించిన అభ్యాసాన్ని వాళ్ళతో మళ్ళీ మళ్ళీ చేయించడం నా పని. దాంతో పాటు అద్దాలు తుడవడం, కుర్చీలు సర్దడం, మంచినీళ్ళు పెట్టడం. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్ళు, నత్తి ఉన్నవాళ్ళు, చెవిటి పిల్లలు వచ్చేవాళ్ళు. వాళ్ళతో నాకు ఏ ఇబ్బందీ ఉండేది కాదు. గొంతు తీసేసినవాళ్ళను చూస్తేనే ఒళ్ళు జలదరించేది. మెడలో ఆ రంధ్రం, దగ్గితే అందులోంచి వచ్చే కళ్ళె. పానకాలు గారు మా గదికి వచ్చిన మొదటి రోజే ఆయనకు దగ్గు తెర వచ్చింది. గుడ్డ అడ్డం పెట్టుకునేలోపు కళ్ళె వచ్చి నా చేతి మీద పడింది. నేను గబగబా బయటికి వెళ్ళి చెయ్యి కడుక్కున్నాను. కడుక్కోవడం అయ్యాక కూడా కుళాయి దగ్గరే నిలబడి, ఈ ఉద్యోగం నావల్ల కాదని సాయంత్రం ఇంట్లో ఎలా చెప్పాలా అని ఆలోచించుకున్నాను. తిరిగి వచ్చేసరికి ఆయన మోకాళ్ళ మీద కూర్చుని తన తువ్వాలుతో నా కుర్చీ తుడుస్తున్నారు. నన్ను చూసి లేచి రెండు చేతులూ జోడించారు. మా నాన్న వయసు మనిషి. ఆ దండం చూశాక ఇంట్లో చెప్పాలనుకున్న మాట చెప్పలేకపోయాను.

ఆయన వెంట భార్య కోటమ్మ గారు వచ్చేవారు. మేడం ఆయన్ను ఏదడిగినా ఆవిడే జవాబు చెప్పేవారు. గొంతు పోక ముందు కూడా అంతేనట. "ఈయన అసలే మాట్లాడడమ్మా. మగ్గం గుంటలో దిగాడంటే అన్నం వేళదాకా నోరు తెరవడు. పిల్ల అత్తారింటికి పోతుంటే గడపలో నిలబడి చూశాడు గాని, పోయిరా అన్న పాపాన పోలేదు" అని మొదటి వారంలోనే మాకు చెప్పేశారు. చెబుతున్నంతసేపూ ఆయన తల వంచుకుని గోళ్ళు చూసుకున్నారు. వాళ్ళు వెళ్ళాక మేడం నాతో, మాట తక్కువ మనుషులతో ఇదొక చిక్కు, నేర్చుకోవాలన్న ఆరాటం ఉండదు, త్వరగా మానేస్తారు అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

నేర్చుకోవడం నిజంగానే కష్టం. నోట్లోని గాలిని నాలుకతో వెనక్కి నొక్కి, అన్నం గొట్టం మొదట్లోకి దింపి, అది కడుపులోకి జారకముందే పైకి వదలాలి. త్రేన్పులాంటిదే గాని, మనం రమ్మన్నప్పుడు రావాలి. ప, త, ట, క లాంటి అక్షరాలు ముందొస్తాయి. వాటిని పలకడానికి పెదాలో నాలుకో గట్టిగా మూసుకుంటాయి కదా, ఆ మూసుకోవడమే గాలిని లోపలికి తోస్తుంది. అచ్చులు చాలా ఆలస్యం. పానకాలు గారికి వారాల తరబడి ఏదీ రాలేదు. అద్దం ముందు కూర్చుని పెదాలు బిగించి, మెడ నరాలు ఉబ్బేలా ప్రయత్నించేవారు. గాలి కడుపులోకి పోయి పొట్ట ఉబ్బేది. సాయంత్రానికి అన్నం సహించేది కాదని కోటమ్మ గారు గొడవ. అయినా వచ్చే వారం మళ్ళీ అదే బస్సుకు దిగేవారు.

ఒకరోజు అభ్యాసం అయిపోయి, ఎండకు నీరసపడి ముగ్గురం ఆసుపత్రి ఎదురుగా ఉన్న గోలీసోడా బండి దగ్గర ఆగాం. ఆయన సీసా ఎత్తి గటగటా తాగారు. సోడా కదా, లోపలి నుంచి పెద్ద త్రేన్పు తన్నుకొచ్చింది. అది వస్తుండగానే ఆయన పెదాలు మూసి తెరిచారు. "ప్పా" అని వినపడింది. బండివాడు ఆయన్నే చూస్తూ నిలబడిపోయాడు. ఆయన కళ్ళు పెద్దవి చేసుకుని నా వైపు చూసి, మిగిలిన సోడా తాగి మళ్ళీ అన్నారు. మళ్ళీ వచ్చింది. బావిలో రాయి పడ్డట్టు లోతుగా, గరగరగా ఉంది ఆ శబ్దం. నేను ఆనందం పట్టలేక కోటమ్మ గారి చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ ముఖం పక్కకు తిప్పుకుని ఏడుస్తున్నారు. సంతోషంతో ఏడుస్తున్నారనుకున్నాను. కాసేపటికి కొంగుతో కళ్ళు తుడుచుకుని నెమ్మదిగా నన్నడిగారు.

"ఇంతేనా అమ్మాయ్? పాత గొంతు ఇక రాదా?"

పుండు మానాక గొంతు దానంతటదే తిరిగి వస్తుందని ఆవిడ అన్నాళ్ళూ అనుకుంటున్నారని నాకప్పుడు తెలిసింది. అందరూ ఆపరేషను గురించి చెప్పారు, ప్రాణం గురించి చెప్పారు. ఈ ఒక్క మాట ఆవిడకు అర్థమయ్యేలా ఎవరూ చెప్పినట్టు లేరు. పానకాలు గారే ఆవిడ ముందుకు వచ్చి, రాదన్నట్టు తల అడ్డంగా ఊపారు. ఆ తర్వాత కోటమ్మ గారు ఆసుపత్రికి రావడం మానేశారు.

ఆయన మాత్రం వచ్చారు. కొద్ది నెలల్లో ముక్కలు ముక్కలుగా మాటలు, తర్వాత చిన్న చిన్న వాక్యాలు. రెండు మూడు మాటలకొకసారి ఆగి గాలి నింపుకునేవారు. ఆ గొంతు వచ్చాక ఆ మనిషి నోరు మూయలేదంటే అతిశయోక్తి కాదు. బస్సు కండక్టరుతో మాట్లాడేవారు, లిఫ్టు దగ్గర కూర్చునే కుర్రాడితో మాట్లాడేవారు. ఫోను చేసేవారు. మొదటిసారి నాకు ఫోను చేస్తే ఎవరో ఆకతాయిలనుకుని పెట్టేశాను. వెంటనే మళ్ళీ మోగింది. "తల్లీ. పానకాలు. పెట్టకు" అన్నారు. కూతురికి రోజూ ఫోను చేస్తున్నానని, ఆ పిల్లకు సగం అర్థం కాకపోయినా పెట్టెయ్యకుండా వింటుందని చెప్పారు. ఇంత మాటలపోగు అన్నాళ్ళూ ఎందుకు మాట్లాడలేదో ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. ఆయన గాలి నింపుకుంటూ, ఆగుతూ చెప్పారు.

"పాత గొంతు తేరగా వచ్చింది. దీన్ని కష్టపడి తెచ్చుకుంటున్నా. కష్టపడి తెచ్చుకుని దాచుకోమంటావా?"

ఇంట్లో సంగతి కూడా ఆయనే చెప్పారు. తను మాట్లాడితే కోటమ్మ గారు లేచి వంటింట్లోకి వెళ్ళిపోతున్నారట. మధ్యాహ్నం ఒంటరిగా కూర్చుని ఫోనులో కూతురి పెళ్ళి వీడియో పెట్టుకుంటున్నారట. అందులో ఎక్కడో ఒకచోట ఆయన పాత గొంతు వినపడుతుంది. చుట్టాలను భోజనాలకు లేవమనడం, అంతే. అంత పెళ్ళిలోనూ ఆయన మాట్లాడింది అదొక్కటే. ఆవిడ అక్కడికి జరిపి, విని, మళ్ళీ వెనక్కి జరిపి వింటారట. ఇది చెబుతూ ఆయన ఆవిడ మీద చిన్న ఫిర్యాదు కూడా చేయలేదు. "పోటీ తల్లీ. నాకు నేనే పోటీ" అని నవ్వారు. ఆ నవ్వుకు శబ్దం ఉండదు. భుజాలు మాత్రం కదులుతాయి. అప్పుడప్పుడు నాకు కలలో కూడా ఆ భుజాలే కనిపిస్తాయి.

మేడం అడగ్గానే ఆయన ప్రతి మంగళవారం మా గదికి రావడానికి ఒప్పుకున్నారు. కొత్తగా ఆపరేషను అయినవాళ్ళకు ఎంత చెప్పినా నమ్మకం కుదరదు, అలా మాట్లాడే మనిషి ఒకరు ఎదురుగా కూర్చుంటే కుదురుతుంది. వస్తూ వస్తూ సంచిలో పల్చటి నూలు గుడ్డలు తెచ్చేవారు, మెడ రంధ్రం మీద కట్టుకోవడానికి. మిరపకాయల కాలంలో గుంటూరు గాలికి ఆ గుడ్డ లేకపోతే రంధ్రంతో ఊపిరి పీల్చేవాళ్ళ బాధ చూడలేం. ముక్కుతో పీల్చే మనం తుమ్మి ఊరుకుంటాం. వాళ్ళకు ఘాటు నేరుగా ఊపిరితిత్తుల్లోకే పోతుంది. ఆ గుడ్డలు ఆయన నేసినవే. అంచులు కోటమ్మ గారు కుట్టారా అని అడిగితే, "కుట్టింది. మాట్లాడకుండా" అన్నారు.

అలా వచ్చిన మంగళవారాల్లోనే ఒకసారి నన్ను పట్టుకున్నారు. నువ్వు రోజంతా వీళ్ళకు చెబుతావు గదా, నీకొచ్చా అని. నాకెందుకు, నాకు గొంతుంది కదా అన్నాను. వీళ్ళకు ఎక్కడ పట్టుకుంటుందో నీకు తెలియాలంటే నువ్వు చేసి చూడాలి అని ఆయన పట్టు. పెళ్ళి కావాల్సిన పిల్ల నలుగురి ముందు త్రేన్చడమేమిటని నాకు చచ్చేంత సిగ్గు. ఆయన వదల్లేదు. సోడా తెప్పించి నా ముందు పెట్టి, తలుపు మూసి, తను గోడవైపు తిరిగి కూర్చునేవారు. "చూడను తల్లీ. కానీ" అనేవారు. నేను ఇంటి దగ్గర పెరట్లో అభ్యాసం చేస్తుంటే మా అమ్మ, ఇదేం ఉద్యోగమే, పక్కింటివాళ్ళు నీకేదో జబ్బనుకుంటున్నారు అని తల పట్టుకునేది. కొన్ని నెలలకు 'పా' వచ్చింది. తర్వాత 'తాత', 'కాకి'. నా 'కాకి' విని ఆయన మొదటిసారి గోడ వైపు నుంచి ఇటు తిరిగారు. కళ్ళనిండా నీళ్ళు. ఆయనకున్న భాషలో మాట్లాడే మనిషి ఒకరు దొరికారు, అంతే కదా.

ఆ నేర్చుకున్నది ఎందుకు పనికొచ్చిందో చెప్పాలి. ఖాసింబీ అని ఒకావిడ వచ్చింది. మిరప గోదాముల్లో కాయలకు తొడిమలు తీసే పని చేసేది. అందరిలోకీ పెద్ద నోరు ఆవిడదేనని, ఈ చివర నుంచి పిలిస్తే ఆ చివర వినపడేదని వెంట వచ్చిన కూతురు చెప్పింది. గొంతు తీసేశారు. మేడం పానకాలు గారిని ఎదురుగా కూర్చోబెట్టారు. ఆయన నెమ్మదిగా, ఎంతో మర్యాదగా పలకరించారు. ఆ గరగర శబ్దం వినగానే ఖాసింబీ కొంగు ముఖం మీదికి లాక్కుంది. చెయ్యి అడ్డంగా ఊపింది. మళ్ళీ వారం అంతే, ఆ పై వారం అంతే. కూతురే ఆవిడ మనసు చెప్పింది.

"మగోడి గొంతేసుకుని ఇంటికి రానంటందండీ. ఉంటే మూగదానిగానే ఉంటానంటంది. మనవరాలు జడుసుకుంటదని భయం."

మేడం సర్దిచెప్పబోయారు. పానకాలు గారు మేడం వైపు చూసి తల ఊపి, లేచి తన కుర్చీ నాకు చూపించారు. "నాది మగ గొంతే. నువ్వు కూర్చో" అన్నారు. అప్పటిదాకా ఆయన ముందు తప్ప ఎవరి ముందూ నేనలా మాట్లాడలేదు. ఖాసింబీ ముందు కూర్చుని, సిగ్గును మింగి, ముందు నా మామూలు గొంతుతో నా పేరు చెప్పాను. తర్వాత గాలి నొక్కి, "పాప. తాత. కాకి" అన్నాను. నా అన్నం గొట్టంలోంచి వచ్చిన గొంతు కూడా కీచుగానో తియ్యగానో ఏమీ లేదు. గరగరగానే ఉంది. అయినా ఒక ఆడపిల్ల నోట్లోంచి వచ్చింది. ఖాసింబీ కొంగు కొంచెం కిందికి దించింది. నేను మళ్ళీ అన్నాను. మూడోసారి 'కాకి' దగ్గర నాది తప్పి పెద్ద త్రేన్పు ఊరికే వచ్చేసింది. ఆవిడకు నవ్వొచ్చింది. శబ్దం లేకుండా భుజాలు కదిలేలా నవ్వుతూ, నవ్వుతూనే పెదాలు బిగించి తను ప్రయత్నించింది. ఏమీ రాలేదు. కాని ఆ రోజు నుంచి మానలేదు. అందరిలా పొడుగు వాక్యాలు ఆవిడకు ఎప్పుడూ రాలేదు. మాటలు వచ్చాయి. ఆ ఏడు వానలు పడేనాటికి గుమ్మంలోకి వస్తూనే నన్ను చూసి "టీ తాగావా" అంది.

ఆ సాయంత్రం పానకాలు గారితో కలిసి బస్టాండుదాకా నడిచాను. ఆయన దారంతా మాట్లాడుతూనే ఉన్నారు, కొత్త చీర అంచు గురించి, మనవడి అల్లరి గురించి. ఖాసింబీ ఊసు ఎత్తలేదు. మంగళగిరి బస్సు ఎక్కి కిటికీలోంచి మాత్రం నన్ను పిలిచి, "నేను రాకపోయినా పర్లేదు" అన్నారు. నేను కోప్పడ్డాను. ఆయన భుజాలు కదిలాయి. బస్సు కదిలింది.

ఆ తర్వాత కూడా చాలా మంగళవారాలు వచ్చారు. ఒక వానాకాలం తెల్లవారుజామున నిద్రలోనే గుండె ఆగిపోయింది. కూతురు ఫోను చేసి చెప్పింది. ఫోను పెట్టేశాక ఆయన గొంతు ఒక్కసారి వినాలనిపించింది. నా ఫోనంతా వెతికాను. పేషెంట్ల అభ్యాసాల వీడియోలు ఎన్నో ఉన్నాయి. అన్నింటిలోనూ మాట్లాడుతున్నది పేషెంట్లే. పక్కన కూర్చున్న ఆయన చెయ్యి కనిపిస్తుంది, మోకాలు కనిపిస్తుంది. వాళ్ళు పలికేదాకా ఆయన నోరు విప్పరు. మా మంగళవారాల్లో ఆయన మౌనంగా ఉన్న క్షణాలన్నీ నా దగ్గర ఉన్నాయి. గొంతు లేదు.

పెద్దకర్మ నాడు మంగళగిరి వెళ్ళాను. భోజనాలయ్యాక చుట్టాలు సర్దుకుంటుంటే కోటమ్మ గారు నన్ను మగ్గం ఉన్న గదిలోకి తీసుకెళ్ళారు. నేతలో ఉన్న చీర సగంలో ఉంది. ఆవిడ గుంట గట్టు మీద కూర్చుని నన్నూ కూర్చోమన్నారు. తర్వాత, నన్ను చూడకుండా, మగ్గం వైపే చూస్తూ చెప్పారు.

"పెళ్ళయిన కాణ్ణించి నన్ను ఏమే అనే పిలిచాడమ్మాయ్. మా రోజుల్లో పేరు పెట్టి పిలిచేదెక్కడ. ఆపరేషనయ్యాక ఆ ఏమే ఆయనకు రాలా. ఎంత తంటాలు పడ్డా గాలి తప్ప ఏం రాలా. ఒకరోజు నేను వంటింట్లో ఉంటే, ఇక్కణ్ణించి కోటమ్మా అన్నాడు. ఎవరో కొత్త మనిషి వచ్చాడనుకుని బయటకొచ్చి చూశా. ఈయనే. గుంటలో కూర్చుని నన్నే చూస్తన్నాడు."

ఆ రోజు నుంచి పెళ్ళి వీడియో పెట్టలేదని చెప్పారు. అచ్చు పలకడం కష్టం, 'క' పలకడం తేలిక. ఆ సంగతి నాకు చదువులాగా తెలుసు, వందసార్లు పేషెంట్లకు చెప్పి ఉంటాను. అది ఈ ఇంట్లో ఇలా పనిచేసిందని నాకేం తెలుసు. కోటమ్మ గారు అప్పుడు నా వైపు తిరిగారు.

"నువ్వు ఆయన దగ్గర నేర్చుకున్నావంట గదా. ఒక్కసారి పిలువమ్మాయ్. ఆయన పిలిచినట్టు."

పెద్దావిడను పేరు పెట్టి పిలవడమేమిటన్న సంకోచం కూడా నాకు కలగలేదు. కళ్ళు మూసుకుని, ఆయన చూపించినట్టే నాలుక వెనక్కి నొక్కి గాలి దింపాను. లోపల గొట్టం బిగుసుకుపోయింది. గాలి దిగలేదు. మళ్ళీ ప్రయత్నించాను. చిన్న కీచుమన్న చప్పుడు తప్ప ఏమీ రాలేదు. మూడోసారికి నాకు ఏడుపు వచ్చేసింది. కోటమ్మ గారు నా వీపు మీద చెయ్యి వేశారు.

"పోనీలే. ఏడుపొస్తే ఆయనక్కూడా వచ్చేది కాదు."

తర్వాత రెండు మూడు సార్లు మంగళగిరి వెళ్ళాను. ఆవిడ మళ్ళీ అడగలేదు. నేనూ ఆ మాట ఎత్తలేదు. అడిగితే ఈసారి పలకగలనేమోనని ప్రతిసారీ దారిలో అనుకుంటాను, గుమ్మం ఎక్కేసరికి ధైర్యం జారిపోతుంది. ఆ పిలుపు ఇంకా నా లోపలే ఉండిపోయింది.

ఇప్పుడు మా గదిలో కొత్తవాళ్ళకు నేనే కూర్చుని నేర్పుతున్నాను. ప తర్వాత త, త తర్వాత క. క, కా, కి, కు అని గుణింతంలా పలికిస్తూ పోతాను. 'కో' దగ్గరికి వచ్చేసరికి నా గాలి ఒక్క క్షణం ఆగుతుంది. నేను ఆపేది కాదు, అదే ఆగుతుంది. తర్వాత పలుకుతాను. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళందరూ కూడా అక్కడ ఒక క్షణం ఆగి 'కో' అంటారు. అదీ పాఠంలో భాగమే అనుకుంటారు. నేను దిద్దను.